ఆక్లండ్ కారు పాలకాయతిప్ప ఎందుకు రాలేదంటే

నాట్లూ ఎరువులూ అని రాసి చాలా రోజులైంది. ఈసారి పంట గురించి కాదు, కారు గురించి. పోస్టు పెద్దది, ఓపికున్నప్పుడు చదవండి. మన దివిసీమలో ఇంటికొకడు కాకపోయినా వీధికొకడు ఫారిన్‌లో ఉన్నాడు. ఈ ఆలోచన రేపు మీ ఇంట్లోనూ రావచ్చు. అందుకే మా పరువు పోయినా పర్లేదని రాస్తున్నా. మా పెద్దాడిని అడిగే రాస్తున్నా.

పోయినేడాది ఎండాకాలంలో టీకొట్టు దగ్గర "మావాడు న్యూజిలాండ్ నుంచి కారు తెస్తున్నాడు" అని నేనే అందరికీ చెప్పుకున్నా. ఆ తర్వాత ఏడాదిన్నర నుంచి "కారు ఎక్కడిదాకా వచ్చిందండీ, సముద్రంలోనే ఉందా?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నవ్వి ఊరుకుంటున్నా. జవాబు ఇదీ.

అసలు కారు గోల ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను గుర్తుందిగా. బాపట్ల దగ్గర తీరం దాటింది 5వ తారీకున. ముందు రోజు రాత్రి నుంచే మన దగ్గర గాలి, వాన. కోసిన పనలు చేలోనే ఉన్నాయి. వాటి మీద దిగులుతో నేనుంటే, అర్ధరాత్రి దాటాక మా ఇంటావిడకి ఆయాసం ఎత్తుకుంది. పంపు కొట్టినా తగ్గలా. 108కి ఫోన్ చేస్తే లైను కలవలా. ఆటోవాళ్ళని లేపితే "బాబాయ్, చెట్లు పడుంటాయి, ఈ గాల్లో ఆటో పల్టీ కొట్టుద్ది" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు. చివరికి పక్కింటి వాళ్ళ ట్రాక్టర్ ట్రక్కులో పట్టా కప్పి, మధ్యలో మంచం వేసి, ఆవిడని కూర్చోబెట్టి కోడూరు తీసుకెళ్ళాం. అక్కణ్ణించి అవనిగడ్డ. దారిపొడుగునా ఆవిడ నా చొక్కా పట్టుకునే ఉంది. మాట రావట్లేదు. దేవుడి దయవల్ల గండం గడిచింది.

ఆ సంగతి మర్నాడు ఆక్లండ్‌లో ఉన్న పెద్దాడికి చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాన్నా, మనింట్లో కారుండాలి" అన్నాడు.

వాడు అక్కడ గోడౌన్‌లో పని చేస్తాడు. వాడికి అక్కడొక కారుంది. టయోటా ఆక్వా, 2014 మోడల్, పెట్రోలుతో పాటు బ్యాటరీతో కూడా నడిచేది. అది జపాన్‌లో ఎవరో వాడి వదిలేసింది. న్యూజిలాండ్‌లో కార్లు తయారు చేయరు. ఉన్న బిగింపు ఫ్యాక్టరీలు కూడా 1998కల్లా మూసేశారు. దిగుమతి సుంకం కూడా ఆ ఏడాదే ఎత్తేశారు. అప్పట్నుంచి కొత్తవైనా పాతవైనా ఓడల్లో రావలసిందే. జపాన్‌లో కారుకి కొన్న మూడేళ్ళకి ఒకసారి, ఆ తర్వాత రెండేళ్ళకోసారి గట్టి తనిఖీ ఉంటుందట. దానికయ్యే ఖర్చు భరించలేక బాగున్న కార్లని కూడా అమ్మేస్తారు. అవి వేలానికి వస్తాయి. ప్రతి కారుకీ ఒక కాగితం ఉంటుంది, మన సంతలో గేదెకి పళ్ళూ పొదుగూ చూసినట్టు. ఎక్కడ గీత పడింది, ఎక్కడ నొక్కుకుంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అంతా బొమ్మ వేసి చూపిస్తారు. జపాన్‌లోనూ మనలాగే రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగు కుడిచేతి వైపే. న్యూజిలాండ్‌లోనూ అంతే. అందుకే ఆ వ్యాపారం అంత బాగా సాగింది.

రైతుగా నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ దేశంలో పాత కారు దించే ముందు అడుగున మట్టి ఉందేమో, గడ్డి గింజ ఉందేమో, పురుగుందేమో చూస్తారు. 2018 ఫిబ్రవరిలో జపాన్ నుంచి కార్లతో వచ్చిన ఓడల్లో కంపు నల్లి జాతి పురుగు కనపడితే, ఆ ఓడల్ని దించుకోకుండా వెనక్కి పంపేశారు. మన వరి పాలు పోసుకునేప్పుడు కంకి మీద వాలే కంపు నల్లికి అది చుట్టమే. అక్కడ పళ్ళతోటలు పాడవుతాయని అంత భయం. మనమేమో ఎక్కడో కోసొచ్చిన హార్వెస్టర్ని దులపకుండానే మన చేలో దింపుతాం. మరుసటేడు చేలో కేళీలు ఎక్కువయ్యాయేంట్రా అని తల పట్టుకుంటాం.

సరే, కథకి వస్తా. 2024 మే నెలలో పెద్దాడు ఫోన్ చేసి, "నాన్నా, ఇంకో ఏడాది చూసి వచ్చేద్దామనుకుంటున్నా. వచ్చేప్పుడు ఈ కారు కూడా తెచ్చేస్తా. స్టీరింగు కుడివైపే కదా, మనకి సరిపోద్ది. ఇక్కడ అమ్మితే ఏమొస్తది, ఇంట్లో ఉంటే అమ్మకి పనికొస్తది" అన్నాడు.

మీకు నిజం చెప్తున్నా. నాకు కారు వస్తుందని అంత సంతోషం కలగలా. వాడు వస్తానన్నాడు, అదీ నా సంతోషం. వెళ్ళి ఆరేళ్ళు. ఎప్పుడడిగినా "చూద్దాం నాన్నా" అనేవాడు. కారు పంపిస్తున్నాడంటే మనిషి వెనకాలే వస్తాడు కదా అనుకున్నా. ఆ ఉత్సాహంలోనే టీకొట్టు దగ్గర నోరు జారింది.

పెద్దాడికి అక్కడ స్నేహితుల ద్వారా ఒక ఏజెంటు దొరికాడు. మనవాడే, తెలుగువాడే. నాకూ ఫోన్ చేశాడు. "అంకుల్, మీరేం కంగారు పడకండి. ఓడెక్కించడం మా పని, దించడం మా పని, నంబరు ప్లేటు వేయించి మీ గుమ్మంలో పెడతాం. ముందు రెండు లక్షలు కట్టండి, మిగతాది బండి వచ్చాక" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. మినుములమ్మిన డబ్బు లక్షన్నర నా దగ్గరుంది. ఇంకో యాభై సర్దితే సరిపోద్ది. సోమవారం బ్యాంకుకి వెళ్దామని పాసుపుస్తకం కూడా తీసి పెట్టుకున్నా.

ఆదివారం మా వీధిలో అమ్మాయి వచ్చింది. విజయవాడలో సీఏ చదువుతోంది. నన్ను పెదనాన్నా అంటుంది. మాటల్లో ఈ సంగతి చెప్తే, "పెదనాన్నా, డబ్బు కట్టే ముందు రూల్ ఏముందో చూడనివ్వండి" అని ఫోన్ తీసింది. నేను విసుక్కున్నా కూడా. గంటన్నర కూర్చుని ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్పింది. నేను నోట్‌బుక్కులో రాసుకున్నా. ఆ కాగితం చూసే ఇది రాస్తున్నా.

ఒకటి. విదేశాల్లో వాడిన కారు మన దేశంలోకి రావాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు. మావాడిది పదేళ్ళ బండి. కథ అక్కడే అయిపోయింది. అయినా మిగతావి కూడా వినండి.

రెండు. స్టీరింగు కుడివైపే ఉండాలి. అమెరికా, కువైట్, దుబాయ్ కార్లన్నీ ఎడమవైపువి. అక్కడున్న మన పిల్లల కార్లు ఈ లెక్కలో ఎంత కొత్తవైనా పనికిరావు.

మూడు. ఏ రేవుకి పడితే ఆ రేవుకి రాకూడదు. వాడిన కార్లకి ముంబయి ఒక్కటే. మన బందరు రేవుకి ఒకప్పుడు డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు మళ్ళీ పోర్టు కడుతున్నారు. అది పూర్తయినా ఈ రూల్ ఉన్నంతవరకూ పాత కారు బందరులో దిగదు.

నాలుగు. బండి ఇంకో అయిదేళ్ళు రోడ్డు మీద తిరగగలదని, ఆ అయిదేళ్ళూ ఇక్కడ సర్వీసు దొరుకుతుందని హామీ ఉండాలి. మన మోటారు వాహనాల చట్టానికి సరిపోతుందని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ సర్టిఫికెట్ ఉండాలి.

అయిదు. సుంకం. ఏళ్ళ తరబడి ఉండి తిరిగొచ్చే వాళ్ళకి ఇంటి సామాన్ల మీద రాయితీ ఉంది కదా, అందులో కలుపుకోవచ్చేమో అని అడిగా. కస్టమ్స్ చట్టంలోనే లగేజీ అంటే మోటారు వాహనం కాదని రాసి ఉందంట. మంచం తెచ్చుకోవచ్చు, టీవీ తెచ్చుకోవచ్చు, కారు మాత్రం వేరే ఖాతా.

ఆ అమ్మాయి లెక్క కట్టి చూపించింది. అది 2024 నాటి లెక్క. కారు విలువ అయిదు లక్షలు, ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలిపి ఒక లక్ష అనుకుందాం. మొత్తం ఆరు లక్షలు. దాని మీద వాడిన కారుకి ప్రాథమిక సుంకం 125 శాతం, అంటే ఏడున్నర లక్షలు. ఆ సుంకం మీద పది శాతం సర్‌చార్జి, 75 వేలు. ఇప్పటికి 14 లక్షల 25 వేలు. ఈ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ, దగ్గర దగ్గర నాలుగు లక్షలు. కలిపితే 18 లక్షల 24 వేలు. దీని పైన సెస్సు, ముంబయి నుంచి తెచ్చే ఖర్చు, ఇక్కడ జీవితపన్ను. 2025 బడ్జెట్లో ఈ సుంకానికి పేర్లు మార్చి అటూ ఇటూ సర్దారు గానీ భారమైతే దిగలేదు. ఇంకో మెలిక ఉంది. మనం ఎంతకి కొన్నామన్నది వాళ్ళు పట్టించుకోరు. ఆ బండి కొత్తగా ఉన్నప్పటి ధర పట్టుకుని, వాడిన కాలానికి కొంత తరుగు తీసి వాళ్ళే విలువ కడతారు.

న్యూజిలాండ్‌లో ఇదే బండి జపాన్ నుంచి వస్తే కట్టేది 15 శాతం జీఎస్టీ. మన దగ్గర ఒక కారు కొన్నవాడు ఇంకో రెండు కార్ల డబ్బు ప్రభుత్వానికి కట్టాలి.

సచిన్ టెండూల్కర్ ఫెరారీ గొడవ మన వయసువాళ్ళకి గుర్తుండాలి. ఆయనకి బహుమతిగా వచ్చిన కారు మీద సుంకం కోటీ పదమూడు లక్షలు. ప్రభుత్వం మాఫీ చేస్తానంటే 2003లో పెద్ద రగడైంది, కోర్టుదాకా వెళ్ళింది. చివరికి ఫియట్ కంపెనీ కట్టింది. అంతటివాడికే అలా అయితే మూడెకరాల వాడికి ఎవరు కడతారు?

మొదట నాకు కోపం వచ్చింది. మనోడు కష్టపడి కొనుక్కున్న కారుకి ఇన్ని అడ్డంకులా అని. తర్వాత ఆలోచిస్తే ఇంకో వైపూ కనపడింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2020లో ఒక నివేదిక ఇచ్చింది. 2015 నుంచి 2018 దాకా యూరప్, అమెరికా, జపాన్ల నుంచి కోటీ నలభై లక్షల పాత కార్లూ చిన్న బళ్ళూ బయటి దేశాలకి వెళ్ళాయట. అన్నిటికంటే ఎక్కువ ఆఫ్రికాకే. వాటిలో చాలా బళ్ళు పొగ కక్కేవి, బ్రేకులు సరిగా లేనివి. తలుపులు బార్లా తీస్తే వాళ్ళ తుక్కంతా మన దగ్గర పడుతుంది. ఇక్కడ ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు రోడ్డున పడతారు. బయటి నూనె తక్కువ సుంకంతో దిగితే మన పామాయిల్ రైతు గతేంటో మనకి తెలియనిదా? సుంకం మన పంటని కాపాడితే మంచిది, మన కారుని ఆపితే చెడ్డది అంటే ఎలా? అయినా పదేళ్ళ కారుకీ మూడేళ్ళ కారుకీ మధ్య, బాగున్నదానికో దారి ఉండొచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సోమవారం బ్యాంకుకి వెళ్ళలా. ఏజెంటుకి ఫోన్ చేసి "బాబూ, మూడేళ్ళ రూల్ ఉందట కదా, మాది 2014 బండి" అన్నా. ఒక్క క్షణం ఆగి, "అంకుల్, అవన్నీ మేం చూసుకుంటాం. కాగితాల్లో 2022 అని రాయిస్తాం, అందరూ చేసేదే" అన్నాడు. "అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు, సాయంత్రానికి డబ్బు వేస్తా" అన్నా. పంపుతానన్నాడు. ఆ కాగితం ఇంతవరకూ రాలేదు. ఆ తర్వాత ఫోనూ ఎత్తలేదు.

నా లక్షన్నర మిగిలిందని సంతోషపడుతూ రాత్రి పెద్దాడికి చెప్పా. వాడేం మాట్లాడలా. గుచ్చి గుచ్చి అడిగితే, అప్పటికే వాడు అరవై వేలు కట్టేశాడు. మాకు చెప్పలేదు. రాత్రి డ్యూటీలు రెండు నెలలు చేసి కట్టిన డబ్బు. "అమ్మని ఆ ట్రక్కులో తీసుకెళ్ళారని విన్నప్పటినుంచి నాకు నిద్ర పట్టలేదు నాన్నా. తొందరపడ్డా" అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచినవాణ్ణి మూసుకున్నా. ఆ అరవై వేలు రాలేదు, రాదు. వాళ్ళమ్మకి ఈ సంగతి మొన్ననే చెప్పాం.

డబ్బుతో పోయింది, నయం. మొన్న 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు భూటాన్ నుంచి దొంగదారిన వచ్చాయని అనుమానంతో ఖరీదైన బళ్ళని వరసపెట్టి పట్టుకున్నారు. సినిమా నటుల ఇళ్ళకి కూడా వెళ్ళారు. అది పేపర్లో చదివిన రోజు నాకు చెమటలు పట్టాయి. దొంగ కాగితం మీద బండి దిగి ఉంటే బండీ పోయేది, కేసు మా తండ్రీకొడుకుల మీద ఉండేది. ఏజెంటు పేరు ఎక్కడా ఉండదు.

చివరికి మావాడు ఆ కారు ఆక్లండ్‌లోనే అమ్మేశాడు. మన డబ్బులో నాలుగు లక్షల పైచిలుకు వచ్చింది. మూడు లక్షలు నాకు పంపి "అక్కడే ఏదైనా చూడు నాన్నా" అన్నాడు.

ఇక్కడ పాత కారు కొనడంలోనూ గండాలున్నాయని అప్పుడే తెలిసింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపంతా మునిగింది కదా. ఇళ్ళతో పాటు కార్లూ రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఆ తర్వాత కొన్ని నెలలకి వాటిల్లో కొన్ని కడిగి, రంగు తుడిచి అమ్మకానికి వచ్చాయి. నేను ముందు చూసిన స్విఫ్ట్ ఒకటి తళతళా మెరిసిపోతోంది. 2018 మోడల్, రెండు లక్షల నలభై వేలే. నేను సరే అనబోతుంటే, ఆటోనగర్‌లో పనిచేసే మా బంధువుల కుర్రాడు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. పైన నల్లగా ఉంది, అడుగున జానెడు మేర బురద రంగు. సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయి. "మావయ్యా, పదండి పోదాం" అన్నాడు.

మీరెవరైనా పాత కారు చూడటానికి వెళ్తే ఆ కుర్రాడు చేసినవి చేయండి. బెల్టు పూర్తిగా లాగండి. కింద పరిచిన కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. అద్దాలు మూసి లోపల అయిదు నిమిషాలు కూర్చోండి, మక్కిన వాసన వస్తే లేచి వచ్చేయండి. ఆర్‌సీ ఎవరి పేర ఉందో, ఫైనాన్సు బాకీ ఉందో ఆన్‌లైన్లో చూడండి. బాకీ తీరిందంటే ఫారం 35, పేరు మారాలంటే 29, 30 ఫారాలు. తెలంగాణ బండి చవకగా వస్తుందని తొందరపడకండి, ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ జీవితపన్ను కట్టాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మన పేరుకి మార్పించుకోవాలి.

రెండు నెలలు తిరిగి గుడివాడ దగ్గర ఒక రిటైరైన మాస్టారి దగ్గర 2016 వ్యాగనార్ తీసుకున్నాం. రెండు లక్షల డెబ్భై అయిదు వేలు. మాస్టారు సర్వీసు చేయించిన రసీదులన్నీ ఫైలు కట్టి ఇచ్చారు. జపాన్ వేలం కాగితం కంటే నాకు ఆ ఫైలే గొప్పగా అనిపించింది. ఇన్నాళ్ళూ ట్రాక్టర్ తప్ప ఎరగనివాణ్ణి, ఈ వయసులో కారు నేర్చుకున్నా. మన ఉప్పుగాలికి అడుగు తుప్పు పట్టకుండా వారానికోసారి మంచినీళ్ళతో కడుగుతున్నా. హంసలదీవి ఇసుకలోకి మాత్రం దింపను.

2025 సంక్రాంతికి పెద్దాడు మూడు వారాల సెలవు మీద వచ్చాడు. వాళ్ళమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అవనిగడ్డ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాడు. వచ్చాక కారు దిగుతూ "నాన్నా, ఇది బాగానే ఉంది" అన్నాడు. "మరి నువ్వెప్పుడొస్తావురా?" అని అడిగా. "ఇంకో రెండేళ్ళు నాన్నా" అన్నాడు. అంటే కారు కథ తేలింది గానీ నేను ఆశపడింది తేలలేదు.

మొన్న అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వస్తుందని హెచ్చరిక రాగానే, మా ఇంటావిడని మధ్యాహ్నమే ఎక్కించుకుని అవనిగడ్డలో మా చెల్లెలి ఇంట్లో దింపొచ్చా. గాలి మొదలవ్వకముందే ఇంటికొచ్చి చేను గట్టు మీద నిలబడ్డా. వరి పడిపోతుందేమోనని దిగులు ఉంది గానీ, రెండేళ్ళ కిందటి దిగులు మాత్రం లేదు.

కారు ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవాళ్ళకి ఇదీ జవాబు. ఫారిన్‌లో ఉన్న మీ పిల్లలు కారు తెస్తామంటే ఈ మూడేళ్ళ రూల్ ముందు చెప్పండి. ఎవరైనా ఏజెంటు డబ్బడిగితే, చెప్పేది కాగితం మీద రాసివ్వమనండి. ఆ తర్వాతే బ్యాంకుకి వెళ్ళండి.